సీరియల్ గ్రూపులో కథ ముందే చెప్పేస్తుంటే ఏం చేయాలి?

ప్రశ్న: మాది కావలి. సీరియళ్లు, బిగ్ బాస్ గురించి మాట్లాడుకోవడానికి వాట్సాప్‌లో ఒక గ్రూపు నడుపుతున్నాను. మొదట మా వీధివాళ్లం, చుట్టాలం కలిసి పెట్టుకున్నాం. ఇప్పుడు నెల్లూరు, ఒంగోలు, కందుకూరు నుంచి, అటు కువైట్, డాలస్ నుంచి కూడా చేరి 160 మంది అయ్యాం. మా మరిది సీరియళ్లు వచ్చే ఆప్‌కి డబ్బు కట్టుకున్నాడు. రాత్రి టీవీలో రావాల్సిన ఎపిసోడ్ పొద్దున్నే చూసేసి, టిఫిన్ వేళకల్లా గ్రూపులో పెట్టేస్తాడు. పోయిన నెల ఒక సీరియల్లో పెద్దాయన పాత్ర చనిపోతే, ఆయన ఫొటోకి దండ వేసి పెట్టాడు. కందుకూరులో ఉండే మా పెద్దమ్మ అది చూసి గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఫోన్ కూడా చేయడం లేదు. సగం మంది 'సీరియల్‌కి కూడా రూల్సేందమ్మా' అంటారు, సగం మంది 'అతన్ని తీసెయ్' అంటారు. ఎన్ని గంటలు ఆగమని చెప్పాలి? మా మరిది నొచ్చుకోకుండా ఎట్లా చెప్పాలి? టెలిగ్రామ్‌కి పోదామని కుర్రాళ్లు అంటున్నారు, పోవాలా?

జవాబు: అమ్మా, మీ మరిదిని తీసేయకండి. టెలిగ్రామ్‌కి పోయే పని కూడా పెట్టుకోకండి. ముందు గొడవ ఎక్కడుందో చూద్దాం. మీ మరిది సీరియల్ గురించి మాట్లాడటంలో తప్పు లేదు, గ్రూపు పెట్టుకుందే అందుకు. మీ పెద్దమ్మకి మాత్రం ఫోన్ తీయగానే దండ వేసిన ఫొటో కళ్లబడింది. చూడాలా వద్దా అని అనుకునే వ్యవధే ఆమెకి దొరకలేదు. ఎపిసోడ్ చూడని మనిషికి ఆ వ్యవధి దొరికేటట్టు చేస్తే, మిగతావాళ్లు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. మీరు పెట్టబోయే ప్రతి నియమాన్నీ ఈ ప్రశ్నతోనే సరిచూసుకోండి: చూడనివాళ్లకి ముందుగా తెలిసి, పక్కకి తప్పుకునే వీలు ఉందా?

'రూల్సేంది' అనేవాళ్లకి కూడా జవాబు చెప్పాలి, ఎందుకంటే వాళ్ల వాదనలో కొంత నిజం ఉంది. హరిశ్చంద్రుడి కథ తెలియనివాళ్లు మన వైపు ఎవరున్నారు? అయినా తిరునాళ్లలో నాటకం వేస్తే తెల్లవార్లూ కూర్చుని చూస్తారు, కాటి సీను పద్యానికి వన్స్‌మోర్ కొడతారు. అక్కడికి జనం వచ్చేది పద్యం కోసం, పాడేవాడి గొంతు కోసం. రోజువారీ సీరియల్ అట్లా కాదు. ఒక్కో ఎపిసోడ్‌లో జరిగేది కొంచెమే. నగలు తీసింది ఎవరు, తలుపు తీస్తే ఎవరున్నారు అనే ఒక్క ముక్క కోసం అరగంట కూర్చుంటాం. ఆ ముక్క పొద్దున్నే తెలిసిపోతే రాత్రి అరగంటలో మిగిలేది ప్రకటనలే.

దీనిమీద పరిశోధనలూ జరిగాయి. 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు 12 చిన్న కథలు చదివించి చూశారు. కథ ఎటు పోతుందో ముందే తెలిసినవాళ్లకే కొంచెం ఎక్కువ నచ్చిందని తేల్చారు. స్పాయిలర్ వల్ల, అంటే కథ ముందే చెప్పేయడం వల్ల, నష్టం లేదనేవాళ్లు దీన్నే చూపిస్తారు. 2015లో జాన్సన్, రోజెన్‌బామ్ చేసిన పరిశోధనలో ఫలితం తిరగబడింది. ముందే చెప్పిన కథల్లో ఉత్కంఠ తగ్గిందనీ, మనసుకి అంతగా తాకలేదనీ వచ్చింది. ఈ రెండూ చిన్న కథలు చదివించి చేసినవే. మూడేళ్లుగా రోజూ రాత్రి ఒకే కుటుంబం కథ చూస్తున్న మనిషికి అందులో పెద్దాయన పోవడం వేరు. కాబట్టి 'నష్టం లేదని సైన్సే చెప్పింది' అని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కరలేదు.

ఇక గంటల సంగతి. ఇది ఇష్టమొచ్చిన అంకె పెడితే నిలబడదు, లెక్క చూపిస్తేనే అందరూ ఒప్పుకుంటారు. సీరియల్ రాత్రి 7:30కి వస్తుందనుకోండి. అప్పుడు కువైట్‌లో సాయంత్రం 5, డ్యూటీ దిగేవేళ. డాలస్‌లో అదే రోజు పొద్దున 9, చలికాలంలో 8. డాలస్ పిల్లలు పని ముగించుకుని వాళ్ల రాత్రి 9కి చూస్తే మనకి మరుసటి రోజు పొద్దున 7:30, చలికాలంలో 8:30 అవుతుంది. ఇక్కడే ఉండి రాత్రి చూడలేనివాళ్లు కూడా తక్కువేం లేరు. రొయ్యల గుంటల మీద కాపలా ఉండేవాళ్లు, కృష్ణపట్నం పోర్టులో షిఫ్టు చేసేవాళ్లు, ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీ నర్సులు, పొగాకు సీజన్‌లో కొండపి, కందుకూరు వైపు ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మంట చూసుకునేవాళ్లు. వీళ్లు ఇంటికొచ్చి ఒక కునుకు తీసి చూసేసరికి పదో పదకొండో అవుతుంది. అందుకని రోజువారీ సీరియల్‌కి మరుసటి రోజు మధ్యాహ్నం 12 గంటలు సరైన గీత. మీవాళ్లు ఎక్కువగా చూసే సీరియల్ మళ్లీ ప్రసారమయ్యేది మధ్యాహ్నం 2కి అయితే, 12 బదులు 3 పెట్టుకోండి. శనివారం ఎపిసోడ్‌కి ఆదివారం కూడా అదే గంట. వారానికోసారి అన్నీ కలిపి చూసేవాళ్ల కోసం 160 మందిని వారం ఆపలేం. వాళ్లు చూసేదాకా గ్రూపుని ఆర్కైవ్‌లో, అంటే చాట్‌ల జాబితాలో కనపడకుండా పక్కన, పెట్టుకోవాలి.

గీత పెట్టేముందు గ్రూపులో ఒక పోల్ పెట్టండి: 'మీరు ఎపిసోడ్ ఎప్పుడు చూస్తారు?' అని. పొద్దున ఆప్‌లో, టీవీలో వచ్చినప్పుడే, అదే రాత్రి ఆలస్యంగా, మరుసటి రోజు, వారానికోసారి అని ఐదు జవాబులు ఇవ్వండి. ఎవరెంతమందో కళ్లకి కనిపిస్తే సగం వాదన అక్కడే ఆగిపోతుంది. మీ మరిదికి కూడా తనలాగా పొద్దున్నే చూసేవాళ్లు ఎంతమందో తెలుస్తుంది. ఆ లెక్క తర్వాత పనికొస్తుంది.

బిగ్ బాస్‌కి ఇంకో చిక్కు ఉంది. ఆదివారం చూపించే ఎలిమినేషన్ షూటింగ్ ముందే అయిపోతుంది. ఎవరు వెళ్లిపోయారో ప్రసారానికి ముందే బయటికి పొక్కడం ఏళ్లుగా జరుగుతున్నదే. ఇది మామూలు ముందస్తు ఎపిసోడ్‌కన్నా చెడ్డది. ఆప్‌లో వచ్చింది కనీసం జరిగిన కథ. లీకు నిజమో కాదో తెలియకుండానే జనం కొట్టుకుంటారు, ఒకవేళ నిజమైతే ఆదివారం ఎపిసోడ్ చప్పబడిపోతుంది. లీకుల్ని పెద్ద గ్రూపులోకి అసలు రానివ్వకండి. 'లీక్ అంట, నిజమో కాదో' అని ముందొక మాట తగిలించినా సరే. ఫైనల్ రాత్రి మాత్రం పట్టు సడలించండి. గెలిచినవాళ్ల పేరు అప్పటికప్పుడు ఊరంతా పాకుతుంది, తెల్లారితే పేపర్లో ఫొటో ఉంటుంది. మధ్యాహ్నం దాకా ఎవరూ ఆగరు, ఆగమనడం కూడా న్యాయం కాదు. ముందు రోజే గ్రూపులో చెప్పండి: ఫైనల్ ప్రసారం అయ్యేదాకా గ్రూపులో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టగలరు, అయిపోగానే తెరుస్తాం, అప్పటికి చూడలేనివాళ్లు గ్రూపు తీయకండి అని. గ్రూపు సెట్టింగ్స్‌లో 'మెసేజ్‌లు ఎవరు పంపొచ్చు' అనేదాన్ని ఆ కొన్ని గంటలకి అడ్మిన్లకే మార్చి, తర్వాత అందరికీ పెట్టేయండి.

వెబ్ సిరీస్‌లకి గంటలు పనికిరావు. అన్ని ఎపిసోడ్లూ ఒకే రోజు వస్తే ఒకరు రాత్రికి రాత్రే ముగిస్తారు, ఇంకొకరు రోజుకొకటి చూస్తారు. అక్కడ ఎపిసోడ్ నంబరే గీత: '3వ ఎపిసోడ్ దాకా' అని రాసి, అంతవరకే మాట్లాడాలి. ముగింపు గురించి పెద్ద గ్రూపులో మాట్లాడటానికి రెండు ఆదివారాలు గడవనివ్వండి. వారానికొక ఎపిసోడ్ వచ్చేవాటికి తర్వాతి ఎపిసోడ్ వచ్చేదాకా ఆగితే చాలు.

ఇప్పుడు అసలు పని, చోటు. ఆగమని చెప్పడం ఒక్కటే చేస్తే మీ మరిది నాలుగు రోజులు ఆగుతాడు, ఐదో రోజు మళ్లీ పెడతాడు. అతనికి కావాల్సింది చూసింది వెంటనే ఎవరితోనైనా పంచుకోవడం. ఆ చోటు ఇవ్వండి. వాట్సాప్‌లో 'కొత్త కమ్యూనిటీ' మొదలుపెట్టి, ఇప్పుడున్న గ్రూపుని అందులో కలపండి, ఇంకో రెండు గ్రూపులు చేర్చండి. పాతదాని పేరు 'అందరం: నిన్నటి దాకే'. రెండోది 'టీవీలో చూసేశాం', ఎపిసోడ్ అయిన నిమిషం నుంచి తెరిచి ఉంటుంది. మూడోది 'ఆప్‌లో ముందే చూశాం'. రెండో, మూడో గ్రూపుల్లోకి ఎవరినీ మీరు చేర్చకండి, కావాల్సినవాళ్లే వచ్చి చేరాలి. పోల్‌లో పొద్దున చూసేవాళ్లు నలుగురైదుగురే తేలితే మూడో గ్రూపు మూగగా ఉంటుంది, మీ మరిది మళ్లీ పెద్ద గ్రూపుకే వస్తాడు. అట్లాంటప్పుడు తెలిసినవాళ్లలో ఆప్ ఉన్నవాళ్లని ఇంకో పదిమందిని పిలిచి, ఆ గ్రూపు మాట్లాడేట్టు చూడాలి. ఈ ఒక్క విషయంలో అశ్రద్ధ చేస్తే మిగతా ఏర్పాటంతా వృథా.

ఇంకో సెట్టింగ్ కూడా చూడండి. గ్రూపు పేరు, ఫొటో మార్చే హక్కు అడ్మిన్లకే ఉంచండి. దండ ఫొటో గ్రూపు డీపీగా ఎక్కిందంటే ఎవరూ తప్పించుకోలేరు.

మెసేజ్ రాసే పద్ధతి దగ్గర చాలామంది పొరపాటు పడతారు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. ఒక మెసేజ్ నాలుగు చోట్ల కనిపిస్తుంది: పైనుంచి దిగే నోటిఫికేషన్‌లో, లాక్ స్క్రీన్ మీద, చాట్‌ల జాబితాలో గ్రూపు పేరు కింద, చివరికి గ్రూపు లోపల. గ్రూపు తెరవకముందే మూడు చోట్ల బయటపడుతుంది. 'స్పాయిలర్!! పెద్ద కోడలే నగలు తీసింది' అని రాస్తే హెచ్చరికా, రహస్యమూ ఒకే చూపులో పడతాయి. ఆ హెచ్చరిక ఉన్నా లేనట్టే. హెచ్చరిక ఒక మెసేజ్, అసలు మాట ఇంకో మెసేజ్‌గా పెట్టినా లాభం లేదు, జాబితాలో కనిపించేది చివరి మెసేజే కదా.

పెద్ద గ్రూపులో ఎప్పుడైనా తప్పనిసరిగా చెప్పాల్సి వస్తే ఒకే మెసేజ్‌లో ఇట్లా రాయాలి. మొదటి వరుసలో సీరియల్ పేరు, ఏ రోజు ఎపిసోడ్, 'చూడనివాళ్లు ఇక్కడ ఆగండి' అన్న మాట. తర్వాత వరుసకొక చుక్క చొప్పున పాతిక, ముప్పై వరుసలు. ఆ కింద చెప్పాలనుకున్నది. పొడవైన మెసేజ్‌ని వాట్సాప్ మధ్యలో కోసి కింద 'రీడ్ మోర్' అని చూపిస్తుంది గానీ, దాన్నే నమ్ముకుని చుక్కలు తగ్గించొద్దు. ఈ చుక్కల నిచ్చెనని ప్రతిసారీ టైపు చేయలేరు. ఒకసారి తయారుచేసి, వాట్సాప్‌లో మీకు మీరే మెసేజ్ పెట్టుకునే చాట్‌లో దాచుకుని, అవసరమైనప్పుడు కాపీ చేసుకోండి.

'స్పాయిలర్' అన్న ఒక్క మాట ఎందుకు చాలదంటే, దేని గురించో తెలియదు. ఒక సీరియల్ చూసినవాళ్లు ఇంకొకటి చూసి ఉండరు. ఏ సీరియల్, ఎక్కడిదాకా అన్న రెండూ ఉంటేనే చదివే మనిషి నిర్ణయం తీసుకోగలదు. 'సోమవారం దాకా చూసినవాళ్లు చదవొచ్చు' అంటే స్పష్టంగా ఉంటుంది. 'నిన్నటి ఎపిసోడ్' అనకండి. డాలస్‌లో ఉన్నవాళ్ల నిన్న వేరు, రెండు రోజుల తర్వాత మెసేజ్ చూసేవాళ్ల నిన్న వేరు.

చుక్కలు పెట్టి ఎంత జాగ్రత్తగా రాసినా, కింద ఎవరో ఒకరు 'అయ్యో, పెద్ద కోడలా!' అని జవాబిస్తారు. జాబితాలో ఇప్పుడు కనిపించేది ఆ జవాబు. అందుకే చుక్కల పద్ధతి అప్పుడప్పుడూ వాడుకోవడానికే. రోజూ జరిగే మాటలకి వేరే గ్రూపు తప్ప దారి లేదు.

వయసైనవాళ్లకి టైపింగ్ కష్టం కనక వాయిస్ మెసేజ్ మంచి పద్ధతి, నొక్కితే తప్ప వినపడదు. కానీ వాయిస్ మెసేజ్‌లు వరసగా ఉంటే ఒకటి అయ్యాక తర్వాతిది దానంతటదే మొదలవుతుంది. వంకాయ పులుసు ఎట్లా చేయాలో చెప్పిన వాయిస్ వింటుంటే దాని వెనకే ఎపిసోడ్ కథ మోగుతుంది. వాయిస్‌కి ముందు 'బుధవారం ఎపిసోడ్, చూసినవాళ్లే వినండి' అని ఒక వరుస టైపు చేసి పెట్టమనండి, వరస తెగుతుంది. హాల్లో నలుగురు ఉన్నప్పుడు స్పీకర్లో పెట్టుకుని వినొద్దని కూడా చెప్పండి, పక్కన అత్తగారు ఇంకా చూసి ఉండకపోవచ్చు.

ఫొటోలే అన్నిటికన్నా ప్రమాదం. మాటనైతే చదవకుండా కళ్లు తిప్పుకోవచ్చు, బొమ్మ అట్లా కాదు, కంట పడిందంటే తెలిసిపోయినట్టే. స్క్రీన్‌షాట్ పెట్టాలనుకుంటే పంపేముందు పక్కన 1 అని ఉండే గుర్తు నొక్కి 'వ్యూ వన్స్' గా పంపమనండి. అప్పుడు లోపల ఏముందో తెరిచినవాళ్లకే కనిపిస్తుంది. యూట్యూబ్ లింకులు ఇంకోరకం. ప్రోమో లింకు అతికించగానే దాని బొమ్మ, శీర్షిక కింద పెట్టెలో వచ్చేస్తాయి, కథంతా ఆ శీర్షికలోనే ఉంటుంది. పంపేముందు ఆ పెట్టె మూలన ఉన్న ఇంటూ గుర్తు నొక్కితే బొమ్మ పోయి లింకు మాత్రమే మిగులుతుంది.

ఏది స్పాయిలర్ అన్నదాని మీద మీ గ్రూపులో తప్పకుండా పేచీ వస్తుంది. ఎపిసోడ్ చివర ఛానెల్ వాళ్లే చూపించిన ప్రోమో గురించి రెండో గ్రూపులో మాట్లాడొచ్చు, పెద్ద గ్రూపులో వద్దు. 'ఈరోజు ఎపిసోడ్ మాత్రం మిస్ కావొద్దు, కర్చీఫ్ పెట్టుకోండి' అనేది కథ చెప్పకపోయినా సగం చెప్పినట్టే, ఏడుపు బొమ్మలు వరసగా పెట్టడమూ అంతే. ఫలానా నటి సీరియల్ మానేసిందన్న వార్త కూడా స్పాయిలరే, ఆ పాత్రకి ఏదో కాబోతోందని అందరికీ అర్థమవుతుంది.

అన్నిటికన్నా పట్టుకోవడం కష్టమైనది ఊహల దగ్గర జరుగుతుంది. ఎపిసోడ్ చూడనివాళ్లు 'నగలు చిన్నకొడుకే తీసుంటాడు' అని ఊహిస్తే అది సరదా, అందులో తప్పేం లేదు. పొద్దున్నే చూసేసిన మనిషి దానికి 'చూద్దాం చూద్దాం' అని నవ్వు బొమ్మ పెట్టాడంటే చెప్పేసినట్టే. ముందే చూసినవాళ్లు ఊహలకి అవుననీ అనకూడదు, కాదనీ అనకూడదు, బొటనవేలు గుర్తు కూడా పెట్టకూడదు. మీ మరిదికి ఈ ముక్క విడిగా చెప్పండి, ఎందుకంటే మంగళవారం మధ్యాహ్నం గ్రూపులో సోమవారం ఎపిసోడ్ మాట్లాడుకుంటుంటే అతను అప్పటికే మంగళవారానిది చూసేసి ఉంటాడు.

ఇన్ని చేసినా ఎవరో ఒకరు నోరు జారతారు. అప్పుడు చేయాల్సింది త్వరగా, చప్పుడు లేకుండా చేయాలి. అడ్మిన్‌గా మీరే ఆ మెసేజ్‌ని నొక్కి పట్టుకుని అందరికీ డిలీట్ చేయొచ్చు, మీరు తీసేశారన్న గుర్తు అక్కడ ఉంటుంది. దానికి ఎవరైనా రిప్లై కొట్టి ఉంటే, రిప్లై పైన పాత మెసేజ్ ముక్క అట్లాగే మిగిలిపోతుంది, కాబట్టి రిప్లైలను కూడా తీసేయాలి. రాసినవాళ్లు 15 నిమిషాల లోపల అయితే ఎడిట్ చేసి మాట మార్చుకోవచ్చు. సభ్యులకి ఒక్కటి నేర్పండి: స్పాయిలర్ కనిపిస్తే గ్రూపులో 'ఎంత పని చేశావయ్యా, చెప్పేశావే!' అని అరవొద్దు. ఆ అరుపుతో అది నిజమని తేలిపోతుంది, అప్పటిదాకా గమనించనివాళ్లు కూడా పైకి పోయి వెతుకుతారు. మీకు విడిగా ఒక మెసేజ్ పెడితే చాలు. కొందరు దాన్ని కిందికి తోసేయాలని వరసగా గుడ్ మార్నింగ్ బొమ్మలు పెడతారు. 160 ఫోన్లు మోగి, తీయనివాళ్లు కూడా గ్రూపు తీస్తారు. అది మాన్పించండి.

టెలిగ్రామ్ గురించి. అక్కడ వసతి మెరుగే, కాదనలేం. మాటని ఎంచుకుని ఫార్మాట్‌లో 'స్పాయిలర్' నొక్కితే అది మెరిసే చుక్కల కింద దాక్కుంటుంది, నోటిఫికేషన్‌లోనూ జాబితాలోనూ కూడా కనపడదు. మాటకి ముందు రెండు, వెనక రెండు నిలువు గీతలు పెట్టినా అదే జరుగుతుంది. ఫొటోలనీ అట్లా కప్పొచ్చు, ఒకే గ్రూపులో ఒక్కో సీరియల్‌కి ఒక్కో టాపిక్ పెట్టొచ్చు. హద్దు మీరినవాళ్లని గ్రూపులో ఉంచుతూనే కొన్నాళ్లు రాయకుండా ఆపొచ్చు, వాట్సాప్‌లో ఒక్కరిని అట్లా ఆపే వీలు లేదు. అయినా వద్దంటున్నాను. మీ పెద్దమ్మ వయసువాళ్లు కొత్త ఆప్ ఎక్కించుకుని, ఓటీపీ కొట్టి, అక్కడికి రారు. కుర్రాళ్లు అక్కడ, పెద్దవాళ్లు ఇక్కడ మిగిలితే గ్రూపు రెండు ముక్కలవుతుంది. వెబ్ సిరీస్‌లు చూసే కుర్రాళ్లు వాళ్లవరకూ ఒకటి అక్కడ పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి.

మీ మరిదితో గ్రూపులో మాట్లాడకండి. అందరి ముందు వదిన అంటే మగపిల్లాడికి పౌరుషం వస్తుంది, దిద్దుకోవాల్సిన మనిషి వాదనకి దిగుతాడు. ఇంటికి వచ్చినప్పుడో, ఫోన్లోనో చెప్పండి. దండ ఫొటో సంగతి ముందుగా తీయొద్దు. 'అబ్బాయ్, నువ్వు చూసింది చెప్తే బాగుంటుంది, అందుకే నీకోసం వేరే గ్రూపు పెట్టాను. పొద్దున చూసిందంతా అక్కడ రాయి, నువ్వే అక్కడ అడ్మిన్‌వి. పెద్ద గ్రూపులో మాత్రం మరుసటి రోజు మధ్యాహ్నం దాకా ఆగు. 12కి గ్రూపు తెరిచే మెసేజ్ రోజూ నువ్వే పెట్టాలి' అనండి. ఆ మెసేజ్‌లో 'ఇప్పుడు ఫలానా రోజు ఎపిసోడ్ దాకా మాట్లాడుకోవచ్చు' అని మాత్రమే ఉండాలి. గంట చూసుకునే బాధ్యత ఎవరికి ఇస్తే వాళ్లే ఆ గంట దాటకుండా ఉంటారు. తర్వాత కూడా తప్పితే మొదటిసారి మెసేజ్ తీసేసి విడిగా చెప్పండి, రెండోసారీ అంతే. మూడోసారి పెద్ద గ్రూపులోంచి వారం తీసి, మిగతా రెండింటిలో ఉంచండి. ఈ వరస మీ మరిదికి ఒక్కడికే అనిపించకుండా, ముందే గ్రూపు వివరణలో రాసిపెట్టి, మెసేజ్‌గా పిన్ చేయండి. పిన్ గడువు 30 రోజులకి పెట్టుకోవచ్చు.

ఇది కాక, ఎవరికి వాళ్లు చేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. గ్రూపు మ్యూట్ చేస్తే నోటిఫికేషన్లు ఆగుతాయి. ఆర్కైవ్ కూడా చేస్తే జాబితాలో చివరి మెసేజ్ కనపడదు, కొత్త మెసేజ్ వచ్చినా అది ఆర్కైవ్‌లోనే ఉంటుంది. స్టేటస్‌లలో కథ చెప్పేవాళ్ల స్టేటస్‌ని నొక్కి పట్టుకుని మ్యూట్ చేయొచ్చు, వాళ్లకి తెలియదు. వాట్సాప్ దాటితే గూగుల్ ఆప్‌లో, క్రోమ్‌లో కింద వచ్చే వార్తల కార్డులు పెద్ద బెడద. తెలుగు వెబ్‌సైట్లు కొన్ని రోజూ 'ఈరోజు ఎపిసోడ్‌లో' అంటూ సీరియల్ కథ మొత్తం రాస్తాయి, శీర్షికలోనే మలుపు పెట్టేస్తాయి. ఆ కార్డు పక్కన మూడు చుక్కలు నొక్కి 'ఆసక్తి లేదు' అని పెడుతూ పోతే తగ్గుతాయి. యూట్యూబ్‌లో కూడా అక్కడే 'ఈ ఛానెల్‌ని సిఫార్సు చేయొద్దు' అని ఉంటుంది. ఎక్స్ (పాత ట్విటర్) వాడేవాళ్లు మ్యూట్ చేసిన పదాల్లో సీరియల్ పేరుని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి చేర్చుకోవాలి, ఒకటే పెడితే రెండోది జారిపోతుంది. గడువు 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు, ఎప్పటికీ అని ఉంటాయి.

పెద్దమ్మకి గ్రూపు లింకు పంపించి ఊరుకోకండి. ముందు ఫోన్ చేయండి. ఆమె ఎత్తకపోతే కందుకూరు వెళ్లినప్పుడు కూర్చుని మాట్లాడండి. ఆమె పంతానికి వెళ్లిపోలేదు, రోజూ చూసే కథలో పెద్దమనిషి పోయాడన్న సంగతి దండ ఫొటోతో తెలిసింది, ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. ఆ మాట మీ నోట ఆమెకి వినపడాలి. మీ మరిది చేత కూడా ఒక మాట చెప్పించగలిగితే మంచిది, బలవంతం మాత్రం చేయకండి. ఏం మార్చారో చెప్పి, రావాలనిపిస్తే రమ్మనండి, అడక్కుండా మీరే చేర్చేయొద్దు. వస్తానంటే ఆమెని పెద్ద గ్రూపులో మాత్రమే ఉంచండి. ఆమె ఫోన్లో వాట్సాప్ సెట్టింగ్స్‌లోకి పోయి, స్టోరేజ్ అండ్ డేటాలో ఫొటోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా మొబైల్ డేటాకీ, వైఫైకీ రెండింటికీ తీసేయండి. ఫొటో మసగ్గా వస్తుంది, నొక్కితేనే తెరుచుకుంటుందని ఒకసారి చూపించండి. గ్రూపుని మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పెట్టి, సీరియల్ చూశాక అక్కడికి ఎట్లా పోవాలో ఆమె చేతే రెండుసార్లు చేయించండి.